తలకూ ఒంటికీ ఒకటే సీసా: బెంగళూరు నీళ్లలో మూడు నెలలు

తలకూ, ఒంటికీ, ముఖానికీ కలిపి ఇదొక్కటే చాలునని చెప్పే సీసాలు ఇప్పుడు బెంగళూరులో ఏ సూపర్ మార్కెట్టులో చూసినా వరుసగా కనిపిస్తున్నాయి. అలాంటి సీసా ఒకటి 2025 నవంబరు మొదట్లో నేనూ కొన్నాను. అర లీటరు పరిమాణం, పైన నొక్కే పంపు, ధర 549 రూపాయలు. అప్పటి నుంచి జనవరి నెలాఖరు దాకా నేను, మావారు, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి దీనితోనే స్నానాలు చేశాము. డిసెంబరులో గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలు ఉన్న మా అత్తయ్య కూడా కొన్నాళ్లు వాడి చూశారు. నలుగురి జుట్టూ, నలుగురి చర్మమూ నాలుగు తీరులు కావడం వల్ల ఒక్కరు వాడితే తెలియని సంగతులు చాలా తెలిశాయి. ఈ రకం సీసాలు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. వాటి వెనక ముద్రించిన పదార్థాల జాబితాలు కూడా దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. అందువల్ల నేను కొన్న సీసా పేరు చెప్పకుండా, ఈ రకం వస్తువు గురించే రాస్తున్నాను.

కొనడానికి కారణం మా స్నానాల గదిలోని అర. ఒంటికి రెండు రకాల సబ్బులు, నాకొక షాంపూ, కండిషనరు, మావారికి చుండ్రు షాంపూ, అబ్బాయికి బాడీవాష్, ముఖానికి వేరే ట్యూబు. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, అడుగున ఉప్పునీటి తెల్లమరకలు కట్టుకుని ఉండేవి. నెల తిరిగేసరికి నాలుగైదు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు చెత్తలోకి వెళ్లేవి. సెలవులకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు బయలుదేరినప్పుడల్లా వీటన్నిటినీ పాలిథిన్ సంచుల్లో చుట్టి సర్దడం ఒక పని. ఒకటే సీసాతో సరిపెట్టుకోగలిగితే ఇంత హంగామా ఉండదు గదా అని నిజంగానే ఆశపడి కొన్నాను.

నా నిర్ణయాన్ని ముందే చెబుతాను. పొట్టి జుట్టు ఉన్నవారికి, చుండ్రు వంటి ఇబ్బందులు లేనివారికి ఇది చక్కగా సరిపోతుంది. మెడ దాటి జుట్టు ఉన్నవారికి ఒంటికి సరిపోతుంది గాని తలకు సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. కారణం నేను అనుకున్న చోట లేదు.

మొదట నేను అనుమానించినది నీళ్లను. మేముండేది కె.ఆర్.పురం వైపు. మా కాంప్లెక్సులో వాడకానికి ప్రధానంగా బోరు నీళ్లు, అవి తగ్గితే ట్యాంకరు నీళ్లు. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల ప్రాంతాల కోసం కావేరి తాగునీటి పథకం ఐదో దశను 2024 అక్టోబరులో ప్రారంభించిన తరువాత మాకూ కావేరి నీళ్లు వస్తున్నాయి. అయితే వారంలో రెండు రోజులే, అదీ వంటకూ తాగడానికీ పట్టుకునేంత. వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుంటూ తెచ్చే ఆ నీటికీ, మా బోరు నీటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లనక్కరలేదు. బోరు నీళ్లలో పెట్టిన కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. కావేరి నీళ్లలో అదే పప్పు నాలుగు విజిల్స్‌కు మెత్తగా ఎనుపుకోవడానికి వస్తుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వసతి లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. మా అసోసియేషన్ వారు చేయించిన పరీక్షలో బోరు నీరు ఆ రెండో హద్దును కూడా దాటింది. కఠినత్వం అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే. గీజరు లోపల పెచ్చు కట్టేదీ, స్టీలు బకెట్టు అంచున తెల్లగా మిగిలేదీ అవే.

సీసా వెనక ఉన్న సన్నని అక్షరాలను చదివినప్పుడు మొదట నీరు, తరువాత సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్, గ్లిజరిన్, పాలీక్వాటర్నియం-7, చివరగా సిట్రిక్ యాసిడ్, డైసోడియం ఈడీటీఏ, సువాసన అని ఉన్నాయి. ఇందులో కడిగే పని చేసే లారెత్ సల్ఫేట్, బీటైన్ షాంపూల్లో వాడేవే. అంటే ఇది చూడడానికి ద్రవపు సబ్బులా ఉన్నా రసాయనికంగా సబ్బు కాదు. నూనెనో కొవ్వునో క్షారంతో కలిపి చేసేది సబ్బు. దాని జాబితాలో సోడియం పామేట్ అనో, పొటాషియం ఒలియేట్ అనో, లేకపోతే సపోనిఫైడ్ కొబ్బరినూనె అనో ఉంటుంది. ఇలాంటి సీసా కొనేవారు ధర కంటే, వాసన కంటే ముందు చూడవలసినది ఇదే. ఎందుకంటే ‘అన్నిటికీ ఒకటే’ అనే పేరుతో రెండు వేరువేరు జాతుల వస్తువులు అమ్ముడవుతున్నాయి. కొన్ని నిజమైన ద్రవపు సబ్బులు, కొన్ని షాంపూలో వాడే కడిగే పదార్థాలతో చేసినవి. బెంగళూరు బోరు నీళ్లలో ఈ రెండూ ప్రవర్తించే తీరు పూర్తిగా వేరు.

ఆ తేడాను మా అబ్బాయి కళ్లకు కట్టి చూపించాడు. పదో తరగతి సైన్సు పుస్తకంలో కఠిన జలంలో సబ్బు ఎలా ప్రవర్తిస్తుందో చూపే కృత్యం ఒకటి ఉంది. దాన్ని ఇంట్లో చేద్దామన్నాడు. నాలుగు చిన్న నీళ్ల సీసాలు కడిగి ఆరబెట్టి, రెండింటిలో సగం దాకా బోరు నీళ్లు, రెండింటిలో సగం దాకా కావేరి నీళ్లు పోశాడు. ఒంటి సబ్బును చాకుతో సన్నగా గీకి, ఆ పొరలను ఒక చెంచా చొప్పున ఒక జతలో వేశాడు. రెండో జతలో మా కొత్త సీసాలోని ద్రవాన్ని పది చుక్కల చొప్పున వేశాడు. నాలుగింటినీ సమంగా ముప్పై సార్లు కుదిపి వంటింటి గట్టు మీద వరుసగా నిలబెట్టాడు.

కావేరి నీళ్లలోని సబ్బు మూత దాకా తెల్లని నురగ పొంగింది. బోరు నీళ్లలోని సబ్బు మాత్రం విరిగిన మజ్జిగలా అయింది. పైన వేలెడు మందాన నీరసమైన బుడగలు, వాటి కింద పాలలాంటి మసక నీరు, అందులో తేలుతూ చిన్న చిన్న తెల్లని పలుకులు. పది నిమిషాల తరువాత బుడగలు ఆరిపోయి ఆ పలుకులు సీసా గోడకు అంటుకున్నాయి. వేలితో తీసి నలిపితే మైనంలా జిడ్డుగా సాగింది. కొత్త ద్రవం వేసిన రెండు సీసాల్లోనూ నురగ దాదాపు ఒకే ఎత్తున నిలిచింది. బోరు నీటి సీసాలో కొంచెం త్వరగా తగ్గిందేమో గాని, నీరు తేటగానే ఉంది, పలుకులు లేవు. సబ్బులోని కొవ్వు ఆమ్లం నీటిలోని కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. మనం వేలితో నలిపిన జిడ్డు అదే. షాంపూ జాతి పదార్థాలు కాల్షియంతో అలా ముద్దకట్టవు. ఒంటి మీద ఆ జిడ్డు కొంత మిగిలినా తువాలుతో తుడుచుకుంటే పోతుంది. వేల వెంట్రుకల మధ్య చిక్కుకున్నది మాత్రం అలా పోదు. సబ్బుతో తలస్నానం చేసి బోరు నీళ్లు పోసుకున్న రోజున జుట్టు కట్టెలా బిర్రుగా అనిపించడానికి కారణం ఇదే.

నిజమైన సబ్బుతోనే తలా ఒళ్లూ రుద్దుకునే అలవాటు ప్రపంచంలో లేకపోలేదు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన ఎమాన్యుయేల్ బ్రానర్ 1948లో స్థాపించిన డాక్టర్ బ్రానర్స్ కంపెనీ, ద్రవపు సబ్బు ఒక్కటే పద్దెనిమిది పనులకు పనికొస్తుందని సీసా మీదనే ముద్రించి అమ్ముతుంది. అయితే ఆ సబ్బును తలకు వాడినప్పుడు తరువాత వెనిగరులాంటి పులుపు కలిపిన నీళ్లతో కడుక్కోవాలని ఆ కంపెనీయే సలహా ఇస్తుంది. అంటే ఒక్కటే చాలునన్న చోట కూడా జుట్టుకు రెండో మెట్టు ఒకటి మిగిలే ఉందన్నమాట. నాకు ఇది మొదటి ఆధారంలా తోచింది.

పీహెచ్ సంగతి కూడా చూశాము. అది ఆమ్ల, క్షార గుణాల కొలత. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. మా అబ్బాయి దగ్గరున్న పీహెచ్ కాగితం ముక్కను సబ్బు నీటిలో ముంచితే ముదురు రంగుకు తిరిగి 9కీ 10కీ మధ్య చూపింది. కొత్త ద్రవంలో ముంచితే 5కీ 6కీ మధ్య ఆగింది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం సహజంగా కొంచెం ఆమ్ల గుణంతో, సుమారు 5 దగ్గర ఉంటుంది. మాడు కూడా చర్మమే గనుక దానికీ ఈ మాట వర్తిస్తుంది. కాబట్టి ఒంటికీ మాడుకూ ఒకే ద్రవం వాడడంలో శాస్త్రపరంగా తప్పేమీ లేదు. పసిపిల్లలకు తల నుంచి పాదాల దాకా ఒకటే వాష్ వాడడం మనకు ఎప్పటి నుంచో అలవాటే గదా.

ఇంతవరకు అన్నీ ఈ సీసా పక్షానే ఉన్నాయి. నీళ్ల పరీక్ష నెగ్గింది, పీహెచ్ పరీక్ష నెగ్గింది. అయినా నాలుగో వారానికి నా జుట్టు చేతికి దొరకకుండా పోయింది.

నా జుట్టు నడుము పైదాకా ఉంటుంది. మొదటి రెండు వారాలు తేడా తెలియలేదు. పాత కండిషనరు పూత జుట్టు మీద ఇంకా మిగిలి ఉండి కాపాడిందని ఇప్పుడు అనుకుంటున్నాను. మూడో వారంలో జడ అల్లుకునేటప్పుడు చివరి జానెడు పాయలు వేళ్ల మధ్య నుంచి జారకుండా ఒకదానికొకటి పట్టుకోవడం మొదలైంది. నాలుగో వారంలో తలస్నానం చేసి ఆరబెట్టుకున్నాక, మెడ వెనక జుట్టు ఉండకట్టింది. పెద్దపళ్ల దువ్వెనతో కింది నుంచి పైకి విడదీసుకోవడానికి అరగంట పట్టింది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చూసి మొదట భయపడ్డాను. తరువాత వాటిని తెల్లకాగితం మీద పరచి ఒక్కొక్కటీ చూశాను. కుదురుతో సహా ఊడిన వెంట్రుకకు ఒక చివర ఆవగింజ కంటే చిన్నదిగా తెల్లని బుడిపె ఉంటుంది. నా కాగితం మీద ఉన్న వాటిలో చాలావాటికి ఆ బుడిపె లేదు. రెండు అంగుళాలవీ, నాలుగు అంగుళాలవీ, రెండు చివరలా మొండిగా ఉన్నవే ఎక్కువ. అంటే అవి ఊడలేదు, మధ్యలో తెగాయి.

బెంగళూరుకు వచ్చిన మన తెలుగువాళ్లు కలుసుకున్నప్పుడు జుట్టు ఊడిపోతోందన్న మాట తప్పకుండా వస్తుంది. నెపం నీళ్ల మీదికో, షాంపూ మీదికో వెళ్తుంది. ఆ తెల్లకాగితం పరీక్ష ఒకసారి చేసుకొమ్మని వారందరికీ నా మనవి. బుడిపెలతో ఊడుతుంటే కారణం స్నానాల గదిలో కంటే ఒంట్లో ఉండే అవకాశం ఎక్కువ. ఐరన్ తక్కువ కావడం, థైరాయిడ్, కాన్పు, రెండు మూడు నెలల కిందట వచ్చిన తీవ్రమైన జ్వరం, ఇలాంటివి. అప్పుడు వెళ్లవలసింది వైద్యుల దగ్గరికి. బుడిపెలు లేకుండా తెగుతుంటే, కడిగే వస్తువునూ, నీళ్లనూ, దువ్వే తీరునూ సరిచూసుకోవాలి.

తెగడానికి కారణం నాకు టేపు పెట్టి కొలుచుకున్నప్పుడు బోధపడింది. మాడు నుంచి కొస దాకా నా జుట్టు 66 సెంటీమీటర్లు ఉంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నా జడ కొస వయసు ఐదున్నరేళ్లు. అది కరోనా రోజుల్లో మొలిచిన జుట్టు. వారానికి రెండు తలస్నానాల చొప్పున అది ఇప్పటికి ఐదు వందల డెబ్బై సార్లకు పైగా తడిసి, రుద్దబడి, ఆరింది. మా అబ్బాయి క్రాపు మూడు సెంటీమీటర్లు. అందులో అతి పాత వెంట్రుక వయసు మూడు నెలలు. ఒంటి మీది చర్మం పైపొర సుమారు నెల, నెలన్నరలో రాలిపోయి కొత్తది వస్తుంది. అందుకే చర్మం కొంచెం దెబ్బతిన్నా తనంతట తాను సరిచేసుకుంటుంది. మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో మాత్రం ప్రాణం లేదు, అరిగింది తిరిగి రాదు.

వెంట్రుక పైన పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి పరచుకున్న సన్నని పొలుసులు ఉంటాయి. కొత్తగా మొలిచిన వెంట్రుకకు ఆ పొలుసుల మీద సహజమైన కొవ్వు పూత ఉంటుంది. ఏళ్ల తరబడి తడిసి ఆరేకొద్దీ ఆ పూత పోయి, పెంకుల అంచులు లేచి, పక్క వెంట్రుకకు తగులుకుంటాయి. కండిషనరు చేసేది ఆ లేచిన అంచుల మీద తాత్కాలికంగా జారుడు పూత వేయడమే. ఇప్పుడు విషయం తేటపడింది. కడగడం వరకు తలకూ ఒంటికీ పెద్ద తేడా లేదు, ఒక్క ద్రవమే రెండూ చేస్తుంది. కడిగిన తరువాత ఐదేళ్ల జుట్టుకు ఇంకొకటి కావాలి. మూడు నెలల జుట్టుకు అది అక్కరలేదు, నెల వయసు చర్మానికీ అక్కరలేదు. సీసా మీద రాసిన ‘పురుషులకు’, ‘స్త్రీలకు’, ‘అందరికీ’ అన్న మాటల కంటే జుట్టు పొడవే ఇక్కడ ముఖ్యం. పొడుగు జుట్టు పెంచిన అబ్బాయికి నా ఇబ్బందే వస్తుంది, బాబ్ కట్ చేయించుకున్న అమ్మాయికి అంతగా రాదు.

ఆ జారుడు పూత కోసమే ఈ సీసాలో పాలీక్వాటర్నియం అనే పదార్థాన్ని కలిపారు. నీళ్లు పోసినప్పుడు అది పలచని పొరగా వెంట్రుకకు అంటుకుంటుంది. అయితే ఒంటికీ అంటుకోవలసిన ద్రవం కాబట్టి దాని మోతాదు ఎక్కువ పెట్టడానికి వీలు లేదు. ఉన్న ఆ కొద్ది మోతాదే మా అత్తయ్యకు ఇబ్బంది అయింది. ఆమెకు స్నానం అయ్యాక చర్మం మీద వేలు పెట్టి రాస్తే కిర్రుమనాలి. మూడో రోజు స్నానాల గదిలోంచే, “ఎన్ని చెంబులు పోసుకున్నా ఈ జారుడు వదలట్లేదేంటమ్మాయ్, ఇంకో బకెట్టు నింపు” అని కేక వేశారు. అది మురికి కాదనీ, ఉండవలసిన పూతేననీ నేను చెప్పినా ఆమె మనసు ఒప్పలేదు. నాలుగో రోజు చందనం సబ్బు తెప్పించుకున్నారు. వందేళ్లకు పైగా చందనం సబ్బు తయారవుతూ, మెట్రో స్టేషనుకు కూడా శాండల్ సోప్ ఫ్యాక్టరీ అని పేరున్న ఊళ్లో ఆమెను తప్పుపట్టలేను. ఇందులో ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. రెండుసార్లు రుద్దే పని తప్పుతుంది గనుక నీళ్లు ఆదా అవుతాయని ఇలాంటి సీసాల మీద రాస్తారు. మా ఇంట్లో మాత్రం అత్తయ్య దీన్ని వాడిన ఆ మూడు రోజులూ ఆమెకు రోజూ బకెట్టు నీళ్లు అదనంగా ఖర్చయ్యాయి. ట్యాంకరుకు డబ్బు కట్టే చోట ఇది చిన్న విషయం కాదు.

నూనె అంటుకున్న తలకు ఇది బొత్తిగా సరిపోలేదు. మావారు ఆదివారం కొబ్బరినూనె మాడుకు పట్టించి గంట ఆగి స్నానం చేస్తారు. మామూలు షాంపూతో రెండుసార్లు రుద్దితే పోయే జిడ్డు దీనితో మూడుసార్లకు గాని పోలేదు. మొదటిసారి నురగే రాలేదు. నాకైతే నూనె పెట్టుకున్న రోజున పది పంపులు పట్టింది. రోజూ ఒంటికి వాడేందుకు మెత్తగా తయారుచేసిన దానికి తలంటు జిడ్డును వదిలించే బలం ఉండాలనుకోవడం న్యాయం కూడా కాదేమో. అయినా తెలుగింట్లో తలస్నానమంటే సగం సార్లు నూనె ఉంటుంది గనుక కొనేవారు ఈ మాట తెలుసుకుని ఉండాలి.

ఈ సందర్భంలో అత్తయ్య అన్న మాట ఒకటి నన్ను చాలా ఆలోచింపజేసింది. అన్నిటికీ ఒకటే వాడడం కొత్తేమీ కాదనీ, కుంకుడురసంతో తల అంటుకునేవారమనీ, పట్టుచీరలు ఉతికేవారమనీ, గొలుసులూ వెండి కుందులూ తోమేవారమనీ అన్నారు. నిజమే. కుంకుడుకాయలో నురగనిచ్చే సపోనిన్లు బోరు నీటిలోనూ సబ్బులాగా విరిగిపోవు. అయినా అదే ఇళ్లలో ఒంటికి మాత్రం సున్నిపిండి విడిగా ఉండేది. పండగనాడు ఒంటి నిండా నూనె పట్టించుకున్నప్పుడు తల మీది కుంకుడురసం ఒంటి మీదుగా కారి కొంత జిడ్డు తీసినా, తరువాత సున్నిపిండితో రుద్దక తప్పేది కాదు. కుంకుడురసంలో గంజి కలపడం కూడా అందరికీ తెలిసినదే. జుట్టు బిరుసెక్కకుండా, చిక్కు పడకుండా ఉండడానికి గంజి కలిపేవారు. షాంపూ కంపెనీలు పుట్టకముందే కడిగేది ఒకటి, జుట్టును మెత్తబరిచేది ఒకటి అన్న తేడా మన పెద్దవాళ్లకు చేతి అనుభవంగా తెలుసు.

ఇక మగవాళ్ల సంగతి. మా అబ్బాయికి ఇది అన్ని విధాలా నచ్చింది. క్రికెట్ ఆడి దుమ్ము కొట్టుకుని వచ్చిన వాడు రెండు పంపులతో తలా ఒళ్లూ కలిపి అయిదు నిమిషాల్లో ముగించేవాడు. జుట్టు మెత్తగానే ఉండేది. కంట్లో పడితే మాత్రం షాంపూలాగే మండుతుంది, కాబట్టి ముఖానికి కూడా పనికొస్తుందన్న మాటను కళ్లు మూసుకుని వాడమన్న హెచ్చరికతో కలిపి చదువుకోవాలి. మావారికి మొదటి నెల బాగానే ఉన్నా, అయిదో వారం నుంచి భుజాల మీద చుండ్రు మళ్లీ కనిపించింది. చుండ్రుకు మూలమైన శిలీంధ్రాన్ని అదుపు చేసే కెటోకొనజోల్, జింక్ పైరిథియోన్ వంటి మందు ఏదీ ఇందులో లేదు. ఇప్పుడు ఆయన వారానికి రెండుసార్లు డాక్టరు చెప్పిన మందు షాంపూను తలకు పట్టించి కొన్ని నిమిషాలు ఆగి కడుక్కుంటున్నారు, మిగతా రోజులు ఈ సీసాయే.

డిసెంబరు చలిలో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది. పాత సబ్బుతో ప్రతి ఏడూ నా పిక్కల మీద చేప పొలుసుల్లా పగుళ్లు వచ్చేవి. ఈ ఏడు అవి బాగా తగ్గాయి. ఒంటికి సంబంధించినంతవరకు ఈ సీసా నా సబ్బు కంటే మేలని మనస్ఫూర్తిగా చెప్పగలను. వాసన నిమ్మగడ్డిని పోలి ఉంటుంది, అరగంటలో పోతుంది.

ధర సంగతి లెక్క వేసి చూశాను. మందు సీసా మూతతో కొలిస్తే అయిదు పంపులకు 10 మిల్లీలీటర్లు వచ్చింది. అంటే పంపుకు రెండు మిల్లీలీటర్లు, సీసాకు 250 పంపులు. మావారికి రోజుకు మూడు, అబ్బాయికి రెండు, నాకు ఒంటికి రెండు, వారానికి రెండు తలస్నానాలకు కలిపి పన్నెండు దాకా. అన్నీ కూడితే సీసా నాలుగు వారాలు వచ్చింది. మూడు నెలలకు మూడు సీసాలు, 1,647 రూపాయలు. ఇంతకుముందు సబ్బులకూ షాంపూలకూ కలిపి నెలకు నాలుగు వందలు దాటేది కాదు. కుటుంబానికి ఇది పొదుపు కాదు. ఒక్క మనిషి, పొట్టి జుట్టు అయితే రోజుకు మూడు పంపుల చొప్పున అదే సీసా ఎనభై రోజులకు పైగా వస్తుంది. అప్పుడు ధర అంత బరువుగా అనిపించదు. ప్లాస్టిక్ సంగతికి వస్తే, నెలకు నాలుగైదు ఖాళీ సీసాలకు బదులు ఒక్కటే పారేశాము. ఆ ఒక్క లాభం నాకు నిజంగా తృప్తినిచ్చింది. కంపెనీలు తిరిగి నింపుకునే పొట్లాలను ఇంకా తక్కువ ధరకు ఇస్తే ఎంత బాగుండును.

సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు ఇదే సీసాను వెంట తీసుకువెళ్లాను. అక్కడి కృష్ణ నీళ్లలో నాలుగు రోజులు ఇదే ద్రవంతో తల రుద్దుకుంటే చిక్కు సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు. సబ్బులాగా ముద్ద కట్టకపోయినా, కఠినమైన నీటిలోని కాల్షియం అరిగిన వెంట్రుకకు కొంత అంటుకుని బిరుసు చేస్తుంది. నీళ్ల వాటా నీళ్లది, జుట్టు వయసు వాటా దానిది. కుళాయికి బిగించే చిన్న ఫిల్టర్లు మట్టినీ తుప్పునూ ఆపుతాయి గాని, కరిగి ఉన్న కాల్షియాన్ని చెప్పుకోదగినంత తీయవు. దానికి ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ యంత్రం కావాలి. అది ఉన్న కాంప్లెక్సుల్లో ఉండేవారికి నా కంటే మంచి ఫలితమే రావచ్చు.

పండగ నుంచి తిరిగి వచ్చాక నేను తలకు పాత షాంపూ, కండిషనరు మళ్లీ మొదలుపెట్టాను. కండిషనరును మాడుకు తగలకుండా చెవుల కింది నుంచి కొసల దాకా మాత్రమే రాసి, రెండు నిమిషాలు ఆగి, చివరి చెంబు కావేరి నీళ్లతో కడుక్కుంటున్నాను. మూడో తలస్నానానికి దువ్వెన ఆగకుండా దిగింది. నెలకోసారి మల్లేశ్వరంలో మూలికలు, పూజా సామగ్రి అమ్మే గ్రంధిగె అంగడిలో అంటువాళకాయి పేరుతో అమ్మే మన కుంకుడుకాయలు తెచ్చి, గంజి కలిపి అంటుకోవడం కూడా మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో నాలుగో సీసా కొన్నాము. అది మావారూ అబ్బాయీ వాడే స్నానాల గదిలో ఉంది, నేను ఒంటికి మాత్రం అందులోంచే తీసుకుంటాను. మారతహళ్లి పీజీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుంటూ, స్నానాల గదికి సబ్బుపెట్టె, షాంపూ, తువాలు రోజూ మోసుకుపోయి మోసుకొచ్చే మా అక్క కొడుక్కి కూడా ఒకటి కొనిచ్చాను. వాడి జుట్టు రెండంగుళాలు, నూనె పెట్టే అలవాటు లేదు, చుండ్రు లేదు. నెల రోజుల తరువాత ఫోన్ చేసి, “పిన్నీ, ఇంకా సగం పైనే ఉంది” అన్నాడు.